కిట్ కారు బిగింపులో తేడాలు: కలవని విష్‌బోన్ బెజ్జాలు, మెత్తటి బ్రేకు, ఒక పక్క ఎత్తుగా కూర్చున్న బానెట్

గొట్టాలచట్రం:

అందరికీ నమస్తే. ఇంజను ముందు, తిరిగేది వెనక చక్రాలు. రెండు సీట్ల కిట్ కారు, అంటే విడిభాగాలుగా కొని మనమే బిగించుకునేది. చదరపు గొట్టాలతో వెల్డింగ్ చేసిన చాసిస్, పౌడర్ కోటింగ్ అయ్యే వచ్చింది. పై బాడీ ఫైబర్‌ది. ఇంజను, గేర్‌బాక్స్, ముందు హబ్బులు (చక్రం బిగించే భాగాలు), కాలిపర్లు (బ్రేకు డిస్క్‌ను నొక్కిపట్టేవి), వెనక డ్రమ్ములు, బ్రేకు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను నెట్టేది) అన్నీ ఒకే పాత కారు నుంచి తీసినవి. ఆ కారుకు బ్రేకు బూస్టర్ (కాలి బలాన్ని పెంచే భాగం) ఉంది, ఈ కిట్‌లో దానికి చోటు లేదు.

ఇప్పుడు నాలుగు చోట్ల ఆగిపోయాను.

మొదటిది, ముందు ఎడమ పక్క కింది విష్‌బోన్ (చక్రాన్ని చాసిస్‌కు కలిపే కవ చేయి). ముందు బ్రాకెట్‌లోకి ఎం12 బోల్టు దూరుతోంది, వెనక బ్రాకెట్‌లో దాదాపు 2 మి.మీ. తేడా వస్తోంది. పైగా పాలీ బుష్ (విష్‌బోన్ చివర ఉండే పాలీయూరిథేన్ గొట్టపు ముక్క) బ్రాకెట్ చెవుల, అంటే రెండు పక్క రేకుల, మధ్య పట్టడం లేదు, ఒక మిల్లీమీటరు బిగువు. కుడి పక్క సుత్తి పిడితో తడితే చాలు, కూర్చుంది.

రెండోది బ్రేకు. మూడుసార్లు గాలి తీశాను. పెడల్ సగం దాకా దిగుతుంది. రెండు మూడుసార్లు గబగబా తొక్కితే పైకి వస్తుంది కానీ రబ్బరు ముద్ద తొక్కినట్టే ఉంటుంది. ఎక్కడా కారడం లేదు.

మూడోది బానెట్. మూస్తే ఎడమ సందు 4 మి.మీ., కుడి సందు 12 మి.మీ. కుడి పక్క కొంచెం ఎత్తుగా కూడా కనిపిస్తోంది. అంచు కోసేయాలా?

నాలుగోది, హెడ్‌లైట్లు వేస్తే పెట్రోలు ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ కదులుతున్నాయి. ఇండికేటర్ వేస్తే దానితోపాటు కొట్టుకుంటున్నాయి.

ఏది ముందు చూడాలో, ఎలా కొలవాలో చెప్పగలరు.

పానాపట్టు:

విష్‌బోన్ సంగతి వరకు: బ్రాకెట్ బెజ్జం 13కి డ్రిల్ చేస్తే ఆ తేడాలో కొంత పోతుంది. ఎం12 బోల్టుకు 13 మి.మీ. బెజ్జం మామూలు కొలతే.

మూలమట్టం:

పానాపట్టు గారూ, మామూలు బోల్టు పనికి 13 సరే. సస్పెన్షన్ బ్రాకెట్‌కు మాత్రం వద్దండీ. అక్కడ బలం బ్రేకు వేసిన ప్రతిసారీ, గుంత వచ్చిన ప్రతిసారీ ముందుకీ వెనక్కీ మారుతూ ఉంటుంది. బెజ్జంలో సందు ఉంటే, బోల్టు బిగువు కొద్దిగా తగ్గగానే ఆ సందంతా చక్రం దిశలో ఆటగా (వదులు కదలికగా) మారుతుంది. టక్ టక్ శబ్దం, బెజ్జం కోడిగుడ్డు ఆకారంలోకి సాగడం ఆ తర్వాత వచ్చేవే. 12 నుంచి 12.2 మధ్య ఉంచండి.

గొట్టాలచట్రం గారూ, డ్రిల్లు పక్కన పెట్టి, తప్పు చాసిస్‌లో ఉందా విష్‌బోన్‌లో ఉందా ముందు తేల్చుకోండి. 12 మి.మీ. మందం, అర మీటరు పైన పొడవున్న తిన్నటి మెరుపు కడ్డీ ఒకటి కావాలి. విష్‌బోన్ తీసేసి ఆ కడ్డీని ముందు బ్రాకెట్ రెండు చెవుల్లోంచి, వెనక బ్రాకెట్ రెండు చెవుల్లోంచి దూర్చండి. దానికన్నా ముందు నాలుగు బెజ్జాల్లోని పౌడర్ కోటింగ్ తీసేయాలి. ఆ పూత ఒక్కో ముఖం మీద 0.06 నుంచి 0.12 మి.మీ. దాకా ఉంటుంది, అంటే బెజ్జం వ్యాసంలో 0.24 మి.మీ. వరకు తినేస్తుంది. 12 మి.మీ. రీమర్ (బెజ్జాన్ని కచ్చితమైన కొలతకు గీకే పనిముట్టు) చేత్తో తిప్పితే చాలు. గుండ్రటి ఆకురాయి అయితే ఒక పక్కే ఎక్కువ అరగకుండా చూసుకోండి.

కడ్డీ నాలుగు చెవుల్లోంచి వేలితో నెడితే వెళ్ళిపోయిందా, చాసిస్ బాగుంది, వంకర విష్‌బోన్‌దే. ఏ చెవి దగ్గర ఆగిందో అదే పక్కకు జరిగింది. ఇంకో పరీక్ష: మీ కిట్‌లో ఎడమ, కుడి విష్‌బోన్లు ఒకే ఆకారం అయితే కుడిది తిరగేసి ఎడమకు, ఎడమది కుడికి పెట్టి చూడండి. తేడా విష్‌బోన్‌తోపాటు కుడి పక్కకు పోతే విష్‌బోన్ తప్పు, ఎడమనే ఉండిపోతే చాసిస్ తప్పు.

చెవుల మధ్య బిగువుకు కారణం దాదాపు ఎప్పుడూ వెల్డింగే. వెల్డు చల్లారేటప్పుడు ముడుచుకుని చెవులను లోపలికి లాగుతుంది. విప్పడానికి సుత్తి వాడకండి. పొట్టి ఎం12 స్టడ్ మీద రెండు నట్లు, రెండు మందపాటి వాషర్లు ఎక్కించి చెవుల మధ్య పెట్టి, నట్లను బయటికి తిప్పుతూ పోతే చెవులు సమానంగా విచ్చుకుంటాయి. ఉక్కు కొంత వెనక్కి వస్తుంది కాబట్టి కావలసినదానికన్నా అర మిల్లీమీటరు ఎక్కువ తెరిచి వదలండి, మళ్ళీ కడ్డీ పెట్టి చూడండి. వెల్డు అంచున పూత చిట్లితే అక్కడ గీకి, టార్చి లైటు వేసి చూడాలి. పూత మాత్రమే చిట్లితే రంగు వేస్తే సరిపోతుంది, వెల్డే చీలి ఉంటే మళ్ళీ వెల్డింగ్ తప్పదు. సరిచేశాక కూడా 1 మి.మీ. మించి తేడా ఉంటే ఆ బ్రాకెట్ కోసి, కడ్డీని ఆధారంగా పెట్టుకుని మళ్ళీ వెల్డ్ చేయించాలి. బోల్టును బలవంతంగా దింపితే బుష్ ఒక పక్కకే ఒరుసుకుని విష్‌బోన్ బిగుసుకుపోతుంది, చివరికి బ్రాకెట్ మొదట్లో పగులు వస్తుంది.

బుష్ విషయంలో చాలామంది తప్పు చేసేది లోపలి ఉక్కు గొట్టం దగ్గర. ఆ గొట్టం పాలీ బుష్ మొత్తం వెడల్పుకన్నా అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు పొడవుగా ఉండాలి. బోల్టు బిగిస్తే చెవులు గొట్టాన్ని నొక్కిపట్టాలి, బుష్ ఆ గొట్టం చుట్టూ తిరగాలి. గొట్టం పొట్టిగా ఉంటే చెవులు పాలీని నొక్కుతాయి, విష్‌బోన్ తిరగదు, బిగువు కూడా నిలవదు. కాబట్టి "పట్టడం లేదు" అని గొట్టాన్ని అరగదీసే ముందు పాలీ వెడల్పు కొలవండి. కావాలంటే పాలీ అంచునే పలచన చేయాలి.

చెవి లోపలి ముఖం మీద గొట్టం ఆనే చోట కూడా పౌడర్ కోటింగ్ గీకేయండి. అది ప్లాస్టిక్ లాంటి పూత, నలిగేకొద్దీ బోల్టు బిగువు పోతుంది. బోల్టు పొడవు కూడా చూసి తీసుకోవాలి. చెవి ఉన్నచోట మరలు లేని నున్నటి భాగం రావాలి, మరల మీద చెవి కూర్చోకూడదు. నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి వదులు కాని నట్టు) కొత్తదే వాడండి, బిగించాక రెండు మరలు బయటికి కనిపించాలి. కిట్ పుస్తకంలో బిగువు రాసి ఉంటే అదే లెక్క. లేకపోతే 8.8 గ్రేడు ఎం12కు 80 న్యూటన్ మీటర్ల దగ్గర పెట్టుకోవచ్చు.

కారును నేల మీద దించాకే బిగించాలి అనే నియమం రబ్బరు అతికిన బుష్‌లకు. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే ఆ రబ్బరు మెలితిరిగి ఉండిపోయి చిరుగుతుంది, కారు ఎత్తు కూడా తప్పుగా చూపిస్తుంది. పాలీ బుష్ గొట్టం మీద తిరుగుతుంది కాబట్టి దానికి ఈ పట్టింపు లేదు.

ఎర్రగొట్టం:

బ్రేకు సంగతి నేను చెబుతాను. ముందుగా ఒక్క చూపు: ముందు కాలిపర్ల గాలి తీసే నిపుల్ పైన ఉందా, కింద ఉందా? పాత కారులో కాలిపర్ చక్రం ఇరుసుకు వెనకవైపు ఉండి, కిట్‌లో హబ్బు తిప్పి పెట్టడం వల్ల ముందువైపుకు వస్తే, ఎడమది కుడికీ కుడిది ఎడమకీ మార్చాలి. మార్చకపోతే నిపుల్ అడుగున ఉండి, గాలి బుడగ పిస్టన్ పై భాగంలోనే ఉండిపోతుంది. పది లీటర్ల ఆయిల్ పోసినా అది రాదు. నిపుల్ ఎప్పుడూ కాలిపర్‌లో అన్నిటికన్నా ఎత్తున ఉండాలి.

పెడల్ ఏం చెబుతోందో వినండి. తొక్కేకొద్దీ పైకి వచ్చి రాయిలా గట్టిపడితే గాలి కాదు, చక్రాల దగ్గర ఆట ఎక్కువ. వెనక డ్రమ్ము షూలు (డ్రమ్ము లోపల ఒరుసుకునే బ్రేకు భాగాలు) దగ్గరికి సర్దలేదన్నమాట. పైకి వచ్చినా మెత్తగానే ఉంటే గాలి, లేదంటే ఏదో లోహం వంగుతోంది. తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా దిగిపోతే మాస్టర్ సిలిండర్ లోపలి సీలు దాటి ఆయిల్ వెళుతోంది, కాదంటే ఎక్కడో బయటికి కారుతోంది. మీరు చెప్పినదాంట్లో మొదటిదీ రెండోదీ కలిసి ఉన్నట్టున్నాయి. అందుకే వరస ఇలా పెట్టుకోండి.

హ్యాండ్ బ్రేకు కేబుల్ పూర్తిగా వదులు చేయండి. అది లాగి ఉంటే షూలు సర్దుబాటు కావు. డ్రమ్ము చక్రం తిప్పుతూ షూ కాస్త రాసుకునేదాకా సర్ది, చక్రం స్వేచ్ఛగా తిరిగేంత వరకే వెనక్కి తీయండి. హ్యాండ్ బ్రేకు కేబుల్ ఆఖర్న.

తర్వాత పుష్ రాడ్, అంటే పెడల్ నుంచి మాస్టర్‌ను నెట్టే కడ్డీ. పెడల్ పూర్తిగా పైన ఉన్నప్పుడు రాడ్డుకు, మాస్టర్ పిస్టన్‌కు మధ్య అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఆట ఉండాలి. లేకపోతే లోపలి చిన్న రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. ఆయిల్ వేడెక్కి వ్యాకోచించినప్పుడు వెనక్కి వెళ్ళే దారి ఉండదు, కొంత దూరం నడిచాక బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి. గాలి సరిగా రాకపోవడానికీ ఇదొక కారణం.

ఇప్పుడు మాస్టర్ ఒక్కదాన్నే పరీక్షించండి. దాని గొట్టాలు విప్పి, ఆ బెజ్జాలకు సరైన మర ఉన్న మూత బోల్టులు బిగించి, లోపల గాలి తీసి పెడల్ తొక్కండి. రాయిలా ఆగాలి. ఆగకపోతే తప్పు మాస్టర్‌లోనో పెడల్ బిగింపులోనో ఉంది, చక్రాల వైపు చూడక్కర్లేదు. అదే సమయంలో ఇంకొకరు మాస్టర్ బిగించిన రేకును పక్కనుంచి చూడాలి. గట్టిగా తొక్కినప్పుడు అది రెండు మిల్లీమీటర్లు వంగినా పెడల్ దగ్గర అంతకు అయిదింతలు కనిపిస్తుంది. వంగుతుంటే వెనకనుంచి 3 మి.మీ. ఉక్కు పలక వేసి చాసిస్ గొట్టానికి కట్టాలి. మాస్టర్ పాసైతే ఒక్కొక్క గొట్టాన్ని కలుపుతూ పోండి, ఏది కలిపాక మెత్తబడిందో అక్కడే మీ గాలి. రబ్బరు హోసు అయితే నున్నటి దవడల క్లాంపుతో నొక్కి కూడా కనిపెట్టవచ్చు. స్టీలు అల్లిక ఉన్న హోసును మాత్రం ఎప్పుడూ నొక్కకండి, లోపలి గొట్టం చీలుతుంది.

గొట్టాల దారి కూడా చూడండి. మాస్టర్ నుంచి చక్రానికి వెళ్ళే లైన్లో ఎక్కడైనా గొట్టం పైకి లేచి మళ్ళీ దిగితే ఆ మూపు దగ్గర గాలి నిలుస్తుంది. మాస్టర్ నేలకు దగ్గరగా, కాలిపర్లకన్నా కింద ఉండే పెడల్ బాక్స్ అయితే ఆయిల్ వెనక్కి జారుతుంది. అప్పుడు డిస్క్ లైనుకు 2 పి.ఎస్.ఐ., డ్రమ్ము లైనుకు 10 పి.ఎస్.ఐ. నిలుపుడు వాల్వు (లైన్లో కొద్దిపాటి ఒత్తిడి నిలిపి ఉంచేది) కావాలి.

ప్రాణం మీదికి తెచ్చే విషయం ఒకటి. బ్రేకు గొట్టం నట్లలో ఎం10×1 ఉంది, 3/8 అంగుళం యూఎన్ఎఫ్ (అంగుళాల కొలత సన్న మర) ఉంది. 3/8 అంటే 9.5 మి.మీ. అది ఎం10 బెజ్జంలోకి సుఖంగా వెళ్ళిపోతుంది, కొంచెం బిగుసుకున్నట్టు కూడా అనిపిస్తుంది. గట్టిగా తొక్కిన రోజు మరలు ఊడి వస్తుంది. పాత కారు భాగాలు, కిట్‌వాళ్ళ భాగాలు కలిసే ప్రతి చోటా మర గేజి పెట్టి చూడండి. గొట్టం మూతి కూడా అంతే. బుడగ ఆకారపు మూతి, రెండు మడతల గరాటు మూతి రెండూ వేర్వేరు గద్దెల కోసం. ఒకదాంట్లో ఒకటి పెడితే ఈరోజు కారకపోయినా రేపు చెమ్మ పడుతుంది.

బూస్టర్ లేదన్నారు. గట్టితనం వచ్చాక లెక్క ఇది. పెడల్ నిష్పత్తి (కాలి బలాన్ని పెడల్ ఎన్ని రెట్లు చేస్తుందో) 5 అనుకుని కాలితో 300 న్యూటన్లు తొక్కితే రాడ్డు మీద 1500. మాస్టర్ వ్యాసం 22.2 మి.మీ. అయితే దాని వైశాల్యం 388 చదరపు మి.మీ., ఒత్తిడి 39 బార్ దగ్గర. 19.05 మి.మీ. అయితే 285 చదరపు మి.మీ., 53 బార్ దగ్గర. అదే కాలికి మూడో వంతుకు పైగా ఎక్కువ పట్టు, కానీ పెడల్ కూడా అంతే ఎక్కువ దూరం నడుస్తుంది. అందుకే మెత్తదనం పోకముందే మాస్టర్ మార్చవద్దు. ఇప్పటికే సగం దిగే పెడల్ ఇంకా దిగిపోతుంది.

డాట్ 4 బ్రేకు ఆయిల్ పౌడర్ కోటింగ్‌ను, రంగును తినేస్తుంది. చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడగండి.

గాజునార:

అంచు కోయకండి. 8 మి.మీ. తేడా అంచులో పుట్టదు, బాడీ కూర్చున్న చోట పుడుతుంది. కారు తన చక్రాల మీద, ఇంజను బరువుతో, చదునైన నేల మీద ఉందా? స్టాండుల మీద ఒక మూల ఎత్తుగా ఉంటే చాసిస్ కొద్దిగా మెలి తిరుగుతుంది, అది మీకు బానెట్‌లో కనిపిస్తుంది.

బానెట్ హింజులు, లాచీలు మొత్తం విప్పేసి ఉట్టినే పెట్టండి. తేడా పోతే తప్పు హింజుదే, బెజ్జం నిలువుగా సాగదీసి సర్దుకోవచ్చు. పోకపోతే చాసిస్ మధ్యగీత నుంచి దారం గుండు వేలాడదీసి, ముక్కు భాగం మధ్యలో ఉందో లేదో కొలవండి. ఎత్తు తేడాకు పిల్లలు ఆడుకునే రంగు బంకమన్ను బాగా పనికొస్తుంది. రేడియేటర్ అంచు, ఇంజను పై భాగం, బోల్టు తలల మీద చిన్న ఉండలు పెట్టి బానెట్ మూసి తీయండి. పూర్తిగా నలిగిన ఉండ దగ్గరే అది తగులుతోంది. ఇంజను పైన మాత్రం ఉండ మందం 20 మి.మీ. తగ్గకూడదు, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది.

ఇవన్నీ సరిగా ఉండి బానెట్టే వంకర అయితే, అచ్చులోంచి తొందరగా తీసినది అయి ఉండవచ్చు. సరైన ఆకారంలో బరువులు పెట్టి, హీట్ గన్ దూరంగా ఆడిస్తూ గోరువెచ్చగా చేసి, రాత్రంతా వదిలేయండి. కొంత తిరిగి వస్తుంది. మిగిలిన దానికి లోపలివైపు మ్యాటు, రెజిన్‌తో పట్టీ వేయాలి.

బెజ్జాలు వేసేటప్పుడు పైన టేపు అంటించి, డ్రిల్లు మొదట రివర్స్‌లో తిప్పి జెల్‌కోట్ (ఫైబర్ పై నున్నటి పొర) దాటించి, తర్వాత ముందుకు తిప్పండి. బోల్టుకన్నా 1 నుంచి 2 మి.మీ. పెద్ద బెజ్జం, కింద 25 మి.మీ. వెడల్పు వాషర్, దానికీ ఫైబర్‌కూ మధ్య రబ్బరు. ఇక్కడ సస్పెన్షన్ లెక్క తలకిందులు: సందు లేకపోతే చాసిస్ కదలినప్పుడల్లా బెజ్జం చుట్టూ నక్షత్రంలా పగుళ్ళు వస్తాయి. గాజు పొడి ఊపిరితిత్తులకు చేటు, మంచి ముసుగు లేకుండా రుద్దకండి.

ఎర్త్‌తీగ:

ముళ్ళు కదలడం నూటికి తొంభై పాళ్ళు ఎర్త్. రేకు కారులో ప్రతి బల్బు పక్కనున్న రేకుకు తగిలించేస్తారు. ఫైబర్‌లో కరెంటు వెళ్ళదు, ప్రతి దీపానికీ తిరుగు తీగ కావాలి. మీరు హెడ్‌లైట్ల ఎర్త్‌నూ మీటర్ల ఎర్త్‌నూ ఒకే సన్న తీగలో కలిపినట్టున్నారు. రెండు 55 వాట్ల బల్బులు కలిపి 9 ఆంపియర్లు. ఆ తీగ, దాని జాయింటు కలిపి 0.05 ఓమ్ అడ్డు ఉన్నా 0.45 వోల్టు అక్కడే పడిపోతుంది, మీటర్ల లెక్క తప్పుతుంది.

ఓమ్ మీటరుతో వెతకకండి, ఇంత చిన్న అడ్డు అందులో తెలియదు. మల్టీమీటర్ డీసీ వోల్టులో పెట్టి ఒక మొన బ్యాటరీ నెగటివ్ స్తంభం మీద, రెండోది మీటర్ల ఎర్త్ చివర పెట్టి హెడ్‌లైట్లు వేయండి. 0.1 వోల్టు దాటకూడదు. తర్వాత ఇంజను బ్లాక్ మీద పెట్టి స్టార్టర్ తిప్పండి, 0.3 దాటితే ఇంజనుకు, చాసిస్‌కు మధ్య పట్టీ లేదు లేదా పౌడర్ కోటింగ్ మీద బిగించారు. ఆ పట్టీ బ్యాటరీ తీగంత లావు ఉండాలి. లేకపోతే స్టార్టర్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుని దాన్ని కాల్చేస్తుంది. రింగ్ టెర్మినల్ కింద మెరిసే లోహం వచ్చేదాకా గీకి, పళ్ళ వాషర్ వేసి బిగించాక పైన వాజలిన్ పూయండి.

పాత కారు మీటర్లే వాడుతుంటే వెనక చిన్న డబ్బా ఉందేమో చూడండి, మీటర్లకు దాదాపు 10 వోల్టులు ఇచ్చే స్టెబిలైజర్ అది. కొన్నిటికి దాని డొక్కే ఎర్త్. ఫైబర్ డాష్ మీద బిగిస్తే అది పనిచేయక పూర్తి బ్యాటరీ వోల్టేజి వదులుతుంది, ముళ్ళు రెండూ ఎక్కువ చూపిస్తాయి. దాని డొక్కకు ఒక తీగ.

గొట్టాలచట్రం:

కొలిచాను. ఎడమ వెనక బ్రాకెట్ చెవి ఒకటి 1.5 మి.మీ. లోపలికి లాగి ఉంది, స్టడ్‌తో తెరిచాక కడ్డీ నాలుగింటిలోంచి వెళ్ళింది, వెల్డు చీలలేదు. కాలిపర్ నిపుళ్ళు నిజంగానే కిందికి ఉన్నాయి, ఎడమా కుడీ మార్చాను. షూలు సర్దాక పెడల్ మూడో వంతు దగ్గర గట్టిగా ఆగుతోంది. బానెట్ కుడి పక్క రేడియేటర్ బ్రాకెట్ బోల్టు తలకు తగులుతోంది, ఆ బోల్టు తిరగేస్తే సందులు 5, 6కు వచ్చాయి. ఎర్త్ వేరు చేశాను, ముళ్ళు నిలిచాయి.

ఇప్పుడు ఇంకొకటి. స్ప్రింగు తీసి చక్రాన్ని పైకి లేపితే ముందు అంచు బయటికి తిరుగుతోంది, కిందికి దించితే లోపలికి. 25 మి.మీ.కు 3 మి.మీ. దాకా.

మూలమట్టం:

అది బంప్ స్టీర్, అంటే చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు దానంతటదే పక్కకు తిరగడం. దిశ గుర్తించి చెప్పారు కాబట్టి సగం పని అయింది. పైకి ఒక దిశ, కిందికి దాని వ్యతిరేక దిశ తిరుగుతుంటే టై రాడ్ (స్టీరింగ్ ర్యాక్ నుంచి చక్రానికి వెళ్ళే కడ్డీ) వాలు తప్పు, అంటే స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కలకు జరిగే పళ్ళ కడ్డీ పెట్టె) ఎత్తు సరిపోలేదు. పైకీ కిందికీ రెండు చోట్లా ఒకే దిశ తిరిగితే ర్యాక్ పొడవు తప్పు. మీది ఎత్తు.

ర్యాక్ హబ్బుకు ముందుందా, వెనకుందా అన్నదాన్ని బట్టి పైకి జరపాలా కిందికా అనేది మారుతుంది. అందుకని ఊహించవద్దు. ర్యాక్ మౌంట్ల కింద రెండు పక్కలా 2 మి.మీ. షిమ్ (పలచటి లోహపు ముక్క) వేసి మళ్ళీ కొలవండి. 3 మి.మీ. కాస్తా 2 అయితే అదే దిశలో ఇంకా వేయండి, 4 అయితే షిమ్ తీసేసి ర్యాక్‌ను దించే దారి చూడండి. ప్రతిసారీ 10 మి.మీ. మెట్లుగా జాకీతో లేపి కాగితం మీద రాసుకోండి, స్టీరింగ్ కదలకుండా కట్టేయండి. 25 మి.మీ.కు 1 మి.మీ. లోపు వస్తే రోడ్డుకు చాలు.

ర్యాక్ ఎత్తు మారితే స్టీరింగ్ కాలమ్ కింది జాయింటు కోణం కూడా మారుతుంది. రెండు యూనివర్సల్ జాయింట్లు (వంపులో కూడా తిప్పుడును అందించే కీళ్ళు) ఉంటే మధ్య షాఫ్టు రెండు చివర్ల ఫోర్కులు ఒకే తలంలో ఉండాలి, రెండు కోణాలు దగ్గర దగ్గరగా ఉండాలి. లేకపోతే ఒక చుట్టులో రెండుసార్లు స్టీరింగ్ బిగుసుకుని వదులవుతుంది. షిమ్ వేసిన మందం మేర మౌంటు బోల్టు కూడా పొడవైనది వేసి, నైలాక్ బయట రెండు మరలు వచ్చాయో లేదో చూసుకున్నాకే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) సెట్ చేయండి.